పాస్‌పోర్టు వయసు, ఒంటి వయసు

థాంక్స్ రాని పని

ఆపరేషన్ థియేటర్లో పనిచేసే నర్సుకి రోగి బంధువులు స్వీట్ల డబ్బా తెచ్చిపెడతారు. కాన్పుల వార్డు నర్సు పేరు పుట్టిన పిల్లకి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. టీకాలు వేసే నర్సుకి మాత్రం మర్నాడు పొద్దున్నే ఫోనొస్తుంది, "సిస్టర్, చెయ్యి లేవట్లేదు, ఏం పొడిచారు నాకు?" అని. టీకా బాగా పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు థాంక్స్ చెప్పినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

బహ్రెయిన్‌లో, జింజ్‌లో, ఒక సూపర్ మార్కెట్ పైన ఉండే చిన్న ప్రైవేటు క్లినిక్‌లో నా ఉద్యోగ జీవితం చాలా భాగం ఆ పనిలోనే గడిచింది. పోయిన ఏడాది రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం ఇంకా మిగిలి ఉంది కాబట్టి ఇక్కడే, ఆ క్లినిక్‌కి రెండు వీధుల అవతల ఫ్లాట్‌లోనే ఉంటున్నాం. యూనిఫాం వేసుకోకుండా పొద్దున్నే కాఫీ తాగడం ఇంత బాగుంటుందని ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే ఎప్పుడో మానేసేదాన్ని.

ఈమధ్య క్లినిక్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికి టీకి వచ్చారు. ఒకరిది రాజమండ్రి, ఇంకొకరిది సిరిసిల్ల. "మేడమ్, మీకు తెలిసింది మాక్కొంచెం రాసిపెట్టండి" అన్నారు. సర్టిఫికెట్ల అటెస్టేషన్, లైసెన్సు పరీక్ష, ప్రమోషన్లు, ఇవన్నీ మీకు వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయమ్మా. నేను రాసేది ఫ్లూ టీకా గురించి. అందులోనూ అది పెద్దవయసు వాళ్ల ఒంట్లో ఏం చేస్తుంది, ఏం చెయ్యలేదు అన్న సంగతి. నాకు బాగా తెలిసింది అదొక్కటే. నాకు బొత్తిగా తెలియనిది నోరు మూసుకోవడం అని మా ఆయన అంటారు. ఆ మాట కూడా నిజమే.

జ్వరం రాకపోతే మందు నీళ్లేనా?

మీకు మొదట ఎదురయ్యే తగవు ఇదే. గలాలీలో ఒక పెద్దావిడ ఉండేవారు, ఉమ్ జాసిమ్ అని. నడవలేరు కాబట్టి ప్రతి ఏడూ నేనే వాళ్లింటికి వెళ్లి టీకా వేసేదాన్ని. ఆవిడకి సాయంగా ఉండే సత్యవతిది భీమవరం దగ్గర పల్లెటూరు. ఒక ఏడాది ఉమ్ జాసిమ్‌కీ, ఆవిడ కోడలికీ ఒకేరోజు టీకా వేసొచ్చాను. రెండ్రోజులు పోయాక సత్యవతి ఫోన్ చేసింది. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని 'మామా' అంటారు.

"మేడమండీ, మామా మీమీద చాలా కోపంగా ఉన్నారండి. కోడలుగారికేమో మంచం లెగలేనంత జ్వరమొచ్చిందండి. ఈవిడకేమో చీమ కుట్టినట్టు కూడా లేదండి. కోడలికి మందేసి నాకు నీళ్లేసిందా అని అడుగుతున్నారండి."

వెనకనుంచి ఉమ్ జాసిమ్ అరబ్బీలో కేకలేస్తూనే ఉన్నారు. సత్యవతి మధ్యలో ఆగి, "కోడలు మీకు చుట్టమా అని కూడా అడుగుతున్నారండి" అంది.

నవ్వొచ్చింది కానీ ఆ పెద్దావిడ అడిగింది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. ఇద్దరికీ సూది గుచ్చితే ఒకరి ఒళ్లు గోలచేసింది, ఇంకొకరి ఒళ్లు పట్టించుకోలేదు. దానికి కారణం వయసు. మన రొమ్ము ఎముక వెనకాల థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది. రోగాలతో పోరాడే కణాల్లో ఒక ముఖ్యమైన రకం అక్కడే తర్ఫీదు పొందుతుంది. మనం పెద్దవాళ్లమయ్యేకొద్దీ అది కుంచించుకుపోతుంది. కొత్తగా వచ్చిన వైరస్‌ని గుర్తుపట్టే కొత్త కణాలు తగ్గిపోతాయి. పాతవాటికి చిన్నప్పుడు వచ్చిపోయిన జ్వరాలు గుర్తుంటాయి, ఈ ఏడాది వచ్చిన కొత్త రకాన్ని మాత్రం అంత చప్పున పట్టుకోలేవు. అందుకని టీకా వేశాక పెద్దవాళ్ల ఒంట్లో యాంటీబాడీలు తక్కువగా తయారవుతాయి, తయారైనవి కూడా తొందరగా తగ్గిపోతాయి. చెయ్యి వాపు, జ్వరం వాళ్లలో తక్కువ కనిపించడానికీ అదే కారణం.

అలాగని జ్వరం రాకపోతే టీకా వృథా అయినట్టు కాదు, జ్వరమొస్తే గట్టిగా పనిచేసినట్టూ కాదు. ఒంట్లో జరిగేది పైకి అంత లెక్కగా కనబడదు. పెద్దవాళ్లకి టీకా ఫ్లూని పూర్తిగా ఆపలేకపోవచ్చు, కానీ వచ్చినదాన్ని ఆసుపత్రి దాకా పోకుండా చాలాసార్లు ఆపుతుంది. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి. మొదటిది దాచిపెట్టి "మీకింకేం భయం లేదు" అని చెప్పే నర్సుల్ని నేను చూశాను. ఆ తర్వాత పెద్దాయనకి జలుబు చేస్తే ఆ ఇంట్లో ఇంక ఎవరూ టీకా వేయించుకోరు. ఉమ్ జాసిమ్‌కి నేను ఇదంతా ఫోన్లోనే చెప్పాను, సత్యవతి అరబ్బీలోకి మార్చింది. చివరికి ఆవిడ అన్నమాట ఇదీ: "అయితే నా ఒళ్లు నీళ్లయిపోయిందన్నమాట." ఆ పూటంతా నాకు అదే గుర్తొచ్చి నవ్వుకుంటూనే ఉన్నాను.

డాక్టర్ సల్మా

మా క్లినిక్ యజమానీ, డాక్టరూ ఒకరే. సల్మా అని, బహ్రెయినీ. పొట్టిగా ఉంటారు, గొంతు మాత్రం కింద సూపర్ మార్కెట్‌లో కూరగాయలు ఏరుకునేవాళ్లకి వినబడుతుంది. చాయ్‌లో మూడు చెంచాల పంచదార వేసుకుని తాగుతూ రోగులకి పంచదార మానెయ్యమని క్లాసు పీకేవారు. నేను ఆవిడ దగ్గర తిన్నన్ని తిట్లు మా అత్తగారి దగ్గర కూడా తినలేదు. అయినా ఈ వృత్తిలో నాకు దొరికిన అదృష్టం ఆవిడే అని ఒప్పుకుంటాను.

ఆవిడ నాకు నేర్పింది చాలావరకూ ఆవిడ చేసిన ఒక పొరపాటు వల్ల. పెద్దవయసు వాళ్ల కోసం మందు మోతాదు ఎక్కువగా ఉండే టీకా కొత్తగా వచ్చినప్పుడు ఆవిడ మొట్టమొదట తన తండ్రికి వేశారు. మందగించిన ఒంటిని మేల్కొలపాలంటే కొంచెం గట్టిగా పిలవాలి కదా, ఆ టీకా చేసే పని అదే. అంతా బాగానే ఉంది. ఆ ఏడాది పనిలో పడి ఆవిడ మాత్రం వేయించుకోలేదు. డిసెంబర్లో క్లినిక్ నుంచి ఫ్లూ తగిలించుకుని శుక్రవారం భోజనానికి ఇంటికెళ్లి తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టారు. ఆయన రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. బతికి బయటపడ్డారు, ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ముద్దు మాట ఎత్తి కూతుర్ని ఏడిపించారు.

అప్పటినుంచి ప్రతి అక్టోబర్లో క్లినిక్‌లో మొదటి టీకా సల్మాగారికే. స్టాఫందరి ముందూ చెయ్యి చాపేవారు. "ముసలివాళ్లకి గట్టి సూది వేసి చేతులు దులుపుకోకండి. వాళ్ల చుట్టూ ఎవరున్నారో చూడండి. వాళ్ల ఒళ్లు చెయ్యలేని పని ఆ చుట్టూ ఉన్న కుర్రవాళ్ల ఒళ్లు చెయ్యాలి" అనేవారు. ఈ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను. నిజంగా అర్థమైంది మాత్రం ఒక లేబర్ క్యాంపు వంటగదిలో.

గంగారాం చారు

ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రతి ఏడూ మాచేత తమ క్యాంపులో టీకాలు వేయించేది. అక్కడ ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు. బహ్రెయిన్‌లో ఉంటూ కూడా "దుబాయికొచ్చి ఇన్నేండ్లాయె" అనేవారు. మొదట్లో నేను సరిచెయ్యబోయేదాన్ని, తర్వాత మానేశాను. ఇంకో సంగతి, రాజమండ్రి అమ్మాయికి చెబుతున్నాను. వాళ్లు నిన్ను "నువ్వు" అంటారు. చిన్నబుచ్చుకోకు. అది వాళ్ల భాషలో దగ్గరితనం.

ఆ క్యాంపు మెస్సులో వంట గంగారాం చేసేవాడు. అందరూ గంగన్న అనేవారు. మనిషి బక్కపల్చన, జుట్టు మాత్రం నిగనిగలాడే నలుపు. కార్డులో వయసు యాభై ఆరు. ఆయన మిరియాల చారు తాగితే దిగని జలుబు లేదని క్యాంపులో పేరు. ఆ చారు నేనూ తాగాను. కళ్లవెంట నీళ్లొచ్చాయి, జలుబు సంగతి తెలియదు.

నేను చెప్పబోయే ఏడాదికి ముందటి చలికాలంలో గంగారాంకి ఫ్లూ వచ్చి, అది నిమోనియాలోకి దిగి, ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. క్యాంపు బాస్ యాదగిరి ఆయన్ని చూడడానికి వెళ్లి, బయటికొచ్చేటప్పుడు చెప్పాడట: "ఇంకోసారి దవాఖాన్ల పడితివంటే ఖలాస్, గంగన్నా. కంపెనీ ఇంటికి టికెట్ కొడ్తది. నేను గూడ ఏం చెయ్యలేను." యాదగిరిదీ జగిత్యాల వైపే. పెద్ద మీసం, గట్టి మనిషి. నవ్వగా నేను చూడలేదు.

ఆ తర్వాతి అక్టోబర్లో నేను క్యాంపుకెళ్లేసరికి టీకాకి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. రాజేశ్ అని నోరున్న కుర్రాడు, ఇనుము కట్టే పని చేసేవాడు, అందరి తరఫునా చెప్పాడు.

"పోయినేడు గంగన్న సూది తీసుకున్నడు గదా సిస్టరమ్మా. మళ్ల ఆయనే దవాఖాన్ల పడ్డడు. మేం తీసుకోలేదు, మాకేం కాలేదు. ఇంక మాకెందుకు చెప్పు? పైగా జ్వరమొస్తె ఓవర్‌టైం పాయె."

నేను వంటగదిలోకి నడిచాను. గంగారాం పొయ్యి దగ్గర ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉంది. షుగర్ లేదు, బీపీ లేదు, యాభై ఆరేళ్ల మనిషి. ఫ్లూ ఇంత గట్టిగా ఎందుకు పట్టింది?

ఊరికే మాట్లాడుతూ, "ఇంటి దగ్గర ఎవరెవరున్నారు గంగారాం గారూ?" అన్నాను.

"భార్య పోయింది. ఇద్దరు కొడుకులు. మంచిగున్నరు. పోతే బాగనే చూసుకుంటరు. కనీ ఏం చేస్తరో ఎరుకేనా? మంచమేసి కూసోవెడ్తరు. ఏం ముట్టనియ్యరు. ఇంతమందికి వండిన చెయ్యి, మంచం మీద కూసోని ఏం చెయ్యాలె? నడుస్తున్నన్ని రోజులు గీ పొయ్యి కాడ్నే ఉంట. మనుమడు గూడ రమ్మంటుండు, హైదరాబాద్ల నౌకరి చేస్తుండు. ఇంజనీరింగ్ అయిపోయి రెండేండ్లాయె."

నేను కళ్లు చికిలించాను. "మనవడికి ఉద్యోగమా? మీకు యాభై ఆరేగా?"

గరిటె ఆగింది. గంగారాం అటూ ఇటూ చూశాడు. "పాస్‌పోర్టుకు యాభై ఆరు" అన్నాడు మెల్లిగా.

"మరి మీకో?"

"పనిచేసెటోనికి వయసెందుకు సిస్టరమ్మా? ఊకో."

ఇది మీకు ఏ నర్సింగ్ పుస్తకంలోనూ దొరకదు. ఆ కాలంలో ఊళ్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్నవాళ్లు తక్కువ. పాస్‌పోర్టు చేయించే ఏజెంటు, వీసాకి ఎంత వయసు కావాలో అంత రాసేవాడు. అదే మనిషి వయసైపోయేది. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ దాన్నే మోసుకు తిరగాలి. కార్డు చూసి టీకా వేస్తే మనం వేసేది పాస్‌పోర్టుకి. ఒంట్లో కణాలు పాస్‌పోర్టు చదవవు. అరవై ఐదు దాటినవాళ్లకి ఇవ్వాల్సిన గట్టి టీకా వదిలేసి, ఆయనకి ఏటా కుర్రవాళ్లకి వేసేదే వేస్తూ వచ్చాం.

"గంగారాం గారూ, మీకు వేరే సూది ఉంది. అసలు వయసు మా డాక్టరుగారికి చెప్పండి చాలు" అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. "చెప్తే కాగితమెక్కుతది. కాగితమెక్కితే వీసా ఇచ్చిన కఫీల్ దాక పోతది. రోగమొస్తే గూడ టికెట్టే, వయసు చెప్పిన గూడ టికెట్టే. నాకు పాత సూదే ఎయ్యి, పో."

ఉల్లిగడ్డలు ఒలిచే మనిషి

సల్మాగారికి చెప్పాను. "మన ఫైలు కంపెనీకి ఎందుకు పోతుంది? పోదని చెప్పు" అన్నారు. చెప్పానండీ, ఆయన నమ్మలేదు అన్నాను. క్యాంపులో ఏ కాగితమైనా చివరికి ఆఫీసుకే చేరడం ఆయన జీవితమంతా చూశాడు. నా మాట ఎందుకు నమ్మాలి? సల్మాగారు హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచారు. "యల్లా" అన్నారు, పద అని.

క్యాంపు వంటగదిలోకి ఒక బహ్రెయినీ డాక్టరమ్మ రావడం గంగారాం ఎన్నడూ చూసి ఉండడు. కంగారుపడి ఒక గ్లాసులో చారు పోసిచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగి అయిదు నిమిషాలు దగ్గారు. తేరుకున్నాక తనకి వచ్చిన హిందీలో వయసు అడక్కుండా ఇంతే చెప్పారు: "మా నాన్నకి వేసిందే మీకూ వేస్తాను. మీరు చెప్పేది ఈ గదిలోనే ఉంటుంది. కంపెనీకి మీరు సూది తీసుకున్నారని తప్ప ఇంకేం తెలియదు. నా మాట."

గంగారాం వంగి నా చెవిలో అన్నాడు, "అరవై తొమ్మిదో డెబ్బయ్యో. మా అవ్వ ఉంటే సరింగ చెప్తుండె."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇంక పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే మూలనుంచి దగ్గు వినబడింది. చూస్తే మఫ్లర్ చుట్టుకున్న ఒకతను పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది.

"ఇతనెవరు?" అన్నారు సల్మాగారు.

"మా రూంల పిలగాడు. జ్వరమొచ్చిందని డ్యూటీకి పోలే" అన్నాడు గంగారాం. "ఈడ ఎవనికి జ్వరమొచ్చినా నాకాడికే వస్తడమ్మా. పొయ్యి కాడ వెచ్చగుంటది, నాలుగు ఉల్లిగడ్డలు ఒలుస్తడు, నేనింత చారు పోస్త. రూంల ఒక్కడే పండుకొని ఏం చేస్తడు పాపం? చలికాలమైతే ఇద్దరు ముగ్గురుంటరు ఎప్పుడు."

నేను తర్జుమా చేసి చెబుతుంటే సల్మాగారి మొహం చూడాలి మీరు. క్యాంపులో ఏ గదిలో ఫ్లూ పుట్టినా అది చారు తాగడానికి నేరుగా ఈయన దగ్గరికే వస్తోంది. డెబ్బై ఏళ్ల ఒంటికి ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ దగ్గుతోంది. గట్టి సూది వేసినా ఈయన ఒక్కడి మీద ఎంత భారం పడుతుంది? మంచి మనసుతో మొదలైన అలవాటు ఆయన ప్రాణం మీదికి వస్తోంది. సల్మాగారు అరవడం మొదలుపెట్టారు, అరబ్బీలో కొంత, హిందీలో కొంత. మఫ్లర్ కుర్రాడు భయపడి ఉల్లిగడ్డతో సహా బయటికి పరిగెత్తాడు.

మెస్సులో

మిగిలిన వాళ్లందరూ టీకా వేయించుకునేలా చెయ్యాలి, అదీ సంగతి. వాళ్ల ఒళ్లు కుర్రవి, టీకాకి చక్కగా జవాబిస్తాయి. వాళ్లకి రాకపోతే గంగారాం దాకా రాదు. కానీ వాళ్లని ఒప్పించే నోరు నాకు లేదు. నా నోటి గురించి ముందే చెప్పాను, అలాంటి నోరే ఓడిపోయిందంటే అర్థం చేసుకోండి.

రాత్రి భోజనాలప్పుడు గంగారామే గరిటె పట్టుకుని మెస్సు మధ్యలో నిలబడ్డాడు. నేను పక్కన ఉన్నాను. "అందరు సూది తీసుకోవాలె" అన్నాడు. రాజేశ్ వెంటనే అందుకున్నాడు.

"నువ్వు తీసుకున్నవు గదనే అన్నా! ఏమైంది మరి?"

మెస్సంతా నవ్వింది. గంగారాం తలుపు వైపు చూశాడు. అక్కడ యాదగిరి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నోరు విప్పితే ఏమవుతుందో గంగారాంకి తెలుసు. నాకూ తెలుసు. వద్దని గంగారాం మోచెయ్యి పట్టుకున్నాను కూడా.

"నాకు డెబ్బై ఏండ్లు రా" అన్నాడు గంగారాం గట్టిగా.

తింటున్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు.

"డెబ్బై ఏండ్ల ఒంట్ల సూది సల్లగ పనిచేస్తది. మీ ఒంట్ల జోరుగ చేస్తది. మీరు సూది తీసుకోకుంట దగ్గుకుంట నా పొయ్యి కాడికి వస్తె, ఆ రోగం నాకు పడ్తది. నేను దవాఖాన్ల పడ్త. పడితే ఖలాస్. నన్ను ఇంటికి పంపిస్తరు." ఆగి చుట్టూ చూశాడు. "పోయినేడు నేను దవాఖాన్ల ఉన్నప్పుడు మీరేం తిన్నరో యాదికున్నదా?"

అందరి నోళ్లలోంచి ఒకేసారి ఒక మూలుగు వచ్చింది. ఆ రోజుల్లో వండిన మనిషి పప్పులో చక్కెర వేసేవాడట. ఎవరో వెనకనుంచి "గా పప్పు యాది చెయ్యకే, కడుపుల తిప్పుతది" అన్నారు. రాజేశ్ పళ్లెం వదిలేసి లేచాడు. "డెబ్బయ్యా? మా తాతకన్న పెద్దోనివి, అన్నా అన్నా అని పిలిపిచ్చుకున్నవు!" అని అరిచాడు. మెస్సు పగలబడి నవ్వింది. గంగారాం వాడి మీదికి గరిటె ఎత్తాడు.

ఓవర్‌టైం గొడవకి నేనే దారి చూపించాను. గురువారం సాయంత్రం వేస్తాం, శుక్రవారం సెలవు కదా, జ్వరమొస్తే ఆ రోజు పడుకోండి అన్నాను. మీరూ గుర్తుపెట్టుకోండి అమ్మాయిలూ, టీకా ఎప్పుడు వేస్తామన్నది వేయించుకునేవాళ్ల డ్యూటీ చూసి నిర్ణయించాలి, మన డ్యూటీ చూసి కాదు. ఆ గురువారం లైను వంటగది దాటి బస్సుల దాకా ఉంది. రాజేశ్ అందరికంటే ముందు నిలబడ్డాడు, సూది చూడగానే కళ్లు మూసుకున్నాడు.

యాదగిరి మాత్రం మెస్సులో గంగారాం వయసు విన్న ఆ రాత్రి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అది చూసి నాకు చాలా భయమేసింది. ఇంత చేసి గంగారాంని మేమే ఇంటికి పంపిస్తున్నామా అనుకున్నాను.

ఆ చలికాలం

డిసెంబర్లో దగ్గులు మొదలయ్యాయి. క్యాంపులో కొందరికి ఫ్లూ వచ్చింది. మునుపటి ఏడాదంత కాదు. జ్వరమొచ్చినవాడు గదిలోనే ఉండాలి, పక్క మంచం వాడు చారు పట్టుకెళ్లాలి అని రూలు పెట్టారు. సగం చారు దారిలోనే ఒలకబోస్తున్నారని గంగారాం నాకు ఫోన్లో ఫిర్యాదు చేసేవాడు. జనవరిలో ఆయనకీ జ్వరమొచ్చింది. నేను పరిగెత్తుకెళ్లాను. రెండు రోజులు పడుకున్నాడు, మూడోరోజు లేచి ఉప్పు ఎక్కువైందని ఇంకొకరు వండిన కూర పారబోశాడు. ఆసుపత్రి మొహం చూడలేదు. నాకు ఎంత సంతోషమేసిందంటే తిరిగొచ్చేదారిలో బస్సులో కూర్చుని ఒక్కదాన్నే ఏడ్చాను.

ఆయన్ని కాపాడింది గట్టి సూదా, కుర్రవాళ్ల సూదులా, ఒలికిన చారా అని నన్నడిగితే చెప్పలేను. ఒక మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే నమ్మకండి. చెయ్యగలిగిన మూడూ చెయ్యడమే మన పని.

వసంతంలో గంగారాం వీసా రెన్యువల్‌కి వచ్చింది. నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. ఏ అడ్డూ లేకుండా అయిపోయింది. మెస్సులో అంతమంది ముందు చెప్పిన వయసు ఆఫీసు దాకా పోలేదు. యాదగిరి పోనివ్వలేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఆ మనిషిని చూస్తే జాలిపడే రకంలా కనిపించడు.

చివరి క్యాంపు

నేను రిటైరవడానికి ముందు ఆఖరిసారి ఆ క్యాంపుకి వెళ్లింది ఆ తర్వాతి అక్టోబర్లో. సల్మాగారు కూడా వచ్చారు, చారు కోసం వచ్చారని నా అనుమానం. గంగారాం అందరికంటే ముందు వచ్చి, తన సూది తను వేయించుకుని, పొయ్యి మీద ఏదో మాడుతోందని పరిగెత్తాడు. సాయంత్రానికి లైనంతా అయిపోయింది. కుర్రవాళ్లు భోజనాలకి వెళ్లారు. నేను సామాను సర్దుకుంటుంటే యాదగిరి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

కార్డు చూశాను. యాభై మూడు. మామూలు సూది తీశాను.

"అది కాదు సిస్టరమ్మా" అన్నాడు.

"మరేదండీ?"

ఆయన వంటగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గంగారానికి ఏసిందే నాకు గూడ ఎయ్యి."

నేను సల్మాగారి వైపు చూశాను. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఏమీ అడక్కుండా పెద్దవాళ్ల సూది నా చేతిలో పెట్టారు. నేను సూది గుచ్చాను. యాదగిరి కదల్లేదు. దూది నొక్కుతూ, ఉండబట్టలేక అడిగేశాను.

"అంటే మీకూ గంగారాం గారంత వయసుందా?"

యాదగిరి చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకుని, లేచాడు. ఆ మీసం కింద నవ్వు చూడడం నాకు అదే మొదటిసారి.

"గంగడు నాకంటె రెండేండ్లు చిన్నోడు" అన్నాడు.